చేతుల పుస్తకంలో కాళ్ళ గడి

వానకాలం, 3వ రోజు

ఈ రోజు ముద్ద పెంచే పాక గేటు దగ్గర నూటనలభై రెండు జతల చేతులు చూశాను. నూటనలభై ఒకటి శుభ్రం. మిగిలిన ఒక్క జత మా వదినది.

ఈ పుస్తకంలో పేరు, చేతులు, సంతకం అని మూడే గడులున్నాయి. నేను చెప్పాలనుకునేది మూడు గడుల్లో పట్టదు. అందుకే వెనక పేజీల నుంచి మొదలుపెట్టి రాస్తున్నాను. సముద్రం మీద తేలే మా ఊరు పెద్దతెప్పకు పెద్దమనిషైన సుబ్బారాయుడు గారు చూస్తే కాగితం దండగంటారు. అయితే ఆయన ఏ పుస్తకాన్నీ వెనక నుంచి తెరిచే రకం కాదు కాబట్టి నాకు బెంగలేదు.

మా వదిన పేరు పేరంటాలు. మా అన్నయ్య పోయి తొమ్మిదేళ్ళయినా తెప్ప మీద ఆమె మాటకు విలువ తగ్గలేదు, ఎందుకంటే తల్లికుండ ఆమె చేతిలో ఉంది. పాలు తోడుపెట్టినట్టు, రోజూ తెల్లవారగానే ఆ కుండలోంచి గరిటెడు బూజు తీసి పాకలోని పళ్ళాలన్నింటికీ తోడేస్తుంది. మధ్యాహ్నానికి ముద్ద పొంగుతుంది. నాలుగు వందల మంది తినేది అదే. ఆ కుండను మా అమ్మ ఇరవై ఏళ్ళు, వదిన ముప్ఫై ఏళ్ళు చూసుకున్నారు.

చేతులు చాపమంటే వదిన కొంగులో దాచుకుంది.

"నిన్న వేడి ముద్ద మీద పడిందే. బొబ్బలెక్కినయ్యి, అంతే" అంది.

వేడికి లేచే బొబ్బలు నాకు తెలుసు. వేళ్ళ పక్కన వరసగా, సగ్గుబియ్యం గింజల్లా, లోపల నీళ్ళు కనిపిస్తూ లేవవు. పైగా ఆమె ఆగకుండా గోక్కుంటోంది. కాలిన చోట ఎవరైనా గోక్కుంటారా?

ఒక పొక్కు గీకి, ఆ పొట్టు అద్దం మీద వేసి, బూజును పసిగట్టి చెప్పే కంటిపెట్టెలో పెట్టాను. పెట్టె తన ముక్కుగొంతుతో "బూజు లేదు" అంది. మళ్ళీ గీకాను. మళ్ళీ లేదంది. లేకపోతే మరి ఈ పొక్కులేమిటి? బూజు ఉందో లేదో, ఉంటే ఏ జాతిదో తప్ప పెట్టెకు ఇంకో మాట రాదు.

అయినా నియమం నియమమే. చేతి మీద పొక్కులున్నవాళ్ళు పాకలోకి వెళ్ళకూడదు. పదిహేను రోజుల్లో తగ్గకపోతే వాళ్ళు ముట్టుకున్న కుండలో సున్నం పోసి సముద్రంలో వదిలేస్తారు. ఆ మనిషి ఇక ఈ జన్మలో పాక గడప తొక్కడానికి లేదు. మా వదినను గేటు దగ్గర నేనే ఆపేశాను. ఆమె చేతులు కొంగులో దాచుకునే వెనక్కి తిరిగి వెళ్ళింది. నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పద్దెనిమిదో రోజు గడువు.

6వ రోజు

శనివారం. మేజోళ్ళకు కుడితి పెట్టే రోజు. తెప్ప నేల అంతా బూజుదారాలతో అల్లుకున్నది కదా, బతికున్న నేల. ఉత్త కాళ్ళతో గంటసేపు నిలబడితే కాళ్ళను పట్టేసుకుంటుంది. అందుకే అదే దారాలతో పెంచిన మేజోళ్ళు పుట్టినప్పటి నుంచి తొడుక్కునే ఉంటాం. వారానికోసారి మారు జత తొడుక్కుని, విప్పినవాటిని కుడితిలో నానబెడితే చిరుగులు వాటంతటవే పూడుకుంటాయి. ఇదివరకు ఏ ఇంటికాయింట్లోనే నానబెట్టేవాళ్ళు. మంచినీళ్ళు దండగవుతున్నాయని రెండేళ్ళ కిందట నేనే గట్టిగా పోట్లాడి అందరికీ కలిపి ఒకే తొట్టి పెట్టించాను. ఎండాకాలంలో నలభై బిందెల నీళ్ళు మిగిలాయి. సుబ్బారాయుడు గారు నన్ను మెచ్చుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే.

రేడియోలో డాక్టరు ప్రసూనాంబ గారు దొరికారు. వైద్యపడవ ఇంకా ఉత్తరాన ఎక్కడో ఉందట. వదిన పొక్కుల గురించి చెప్పాను.

"ఒంటి మీద ఇంకెక్కడన్నా ఉందామ్మా? ఎర్రగా, పొట్టు లేస్తా, నానినట్టు?"

"ఎక్కడా లేదండీ. ఒళ్ళంతా నేనే చూశాను."

"ఖాయమేనా?"

"తలకాయ దగ్గర్నుంచీ చూశానండీ" అన్నాను. నిజంగానే చూశాను. చెవుల వెనకాల, చంకలు, వీపు, మోకాళ్ళు, ఏదీ వదల్లేదు. అలా నమ్మనట్టు అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. పదకొండేళ్ళుగా గేటు కాస్తున్నదాన్ని, చూడటం నాకు ఒకరు నేర్పాలా?

8వ రోజు

వదిన వేళ్ళ పొక్కులు రెండో చేతికీ పాకాయి. పాకలో ఆమె బదులు సువార్త తోడేస్తోంది. సువార్త మంచి పనిమంతురాలే కాని కుండతో మాట్లాడదు. వదిన మాట్లాడుతుంది. ముద్ద ఈ రోజు కాస్త పలచగా వచ్చింది. అది మాటల వల్లో వాన వల్లో నాకు తెలియదు.

సువార్త వాళ్ళ నాన్న యేసోబు గారి దగ్గరికి వల బాగుచేయించుకోవడానికి వెళ్ళాను. తొంభై ఏళ్ళ మనిషి. మాట్లాడుతూ వలలోంచి చెయ్యి తీశాడు. చూద్దును కదా, వేళ్ళ పక్కన అవే పొక్కులు.

"ఎన్నాళ్ళ నుంచి తాతా?"

"వానలు పడ్డ కాడ్నించే. వల తాడు ఒరుసుకుంటందిలే."

యేసోబు తాత జన్మలో పాకలో అడుగు పెట్టలేదు. కుండను చూసి కూడా ఉండడు. మరి ఆ పొక్కులు ఇక్కడికెలా వచ్చాయి? పెట్టె ఆయన చేతినీ చూసి "బూజు లేదు" అంది. సుబ్బారాయుడు గారికి చెబితే, "అదే ముద్ద తింటన్నాడుగా" అన్నారు. ముద్ద నాలుగు వందల మందిమి తింటున్నాం. అందరికీ రావాలి కదా అంటే, "వచ్చుద్దేమో, చూస్తా ఉండు" అన్నారు. ఆయనతో వాదించడం గోడతో వాదించడమే.

నాకూ చిటికెన వేలి పక్కన రెండు రోజులుగా జిల. గేటు సబ్బు పడక అయి ఉంటుంది.

10వ రోజు

యేసోబు తాత పోయాడు. పొద్దున గంజి తాగి, వల ఒళ్ళో పెట్టుకుని, అలాగే వెనక్కి వాలాడట. వయసు తప్ప ఇంకో కారణం లేదు.

పోయినవాళ్ళ మేజోళ్ళు తీసి, కాళ్ళు కడిగి, నేలకు అప్పగించడం మా పద్ధతి. ఆ పని గేటు మనిషిది. తెప్ప మీద ఉత్త కాళ్ళు కనిపించేది అప్పుడొక్కప్పుడే. బతికున్న మనిషి కాళ్ళు చూడటం అంటే వాళ్ళ చావు కోరడమే అని మాకు ఉగ్గుపాలతో నేర్పుతారు. స్నానాల గదులకు కిటికీలు పెట్టనిది కూడా అందుకే. కట్టుకున్న మొగుడి కాళ్ళు ఎలా ఉంటాయో ఏ ఆడదానికీ తెలియదు, అతను ముందు పోతే తప్ప.

సువార్త నీళ్ళు పోస్తోంది, నేను కడుగుతున్నాను. చివరి రెండు వేళ్ళ మధ్య చర్మం తెల్లగా నాని, చిట్లి, తోలు ఊడుతోంది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏంటక్కా?" అంది సువార్త.

"మీ నాన్నకి కాళ్ళు దురద పెట్టేవా?"

"ఆ మాట ఎవరన్నా పైకి చెప్పుకుంటారా అక్కా?"

చెప్పుకోరు. నేను మాత్రం చెప్పుకుంటానా? సువార్త కళ్ళలోకి చూసి, ఒక్క పొట్టు తీసుకుంటానని అడిగాను. ఆమె ఏడుస్తూనే తలూపింది. గేటు దగ్గరికి పోయి పెట్టెలో పెట్టాను.

"బూజు ఉంది. తామర జాతి" అంది పెట్టె.

పదకొండేళ్ళలో ఆ పెట్టె నోట "ఉంది" అన్న మాట విన్నది నాలుగైదుసార్లే. చేతుల్లో పొక్కులుంటే అక్కడ బూజు లేదు. కాళ్ళలో బూజుంటే అక్కడ పొక్కులు లేవు. ఇదెక్కడి చోద్యం? అప్పుడు గుర్తొచ్చింది, డాక్టరమ్మతో "ఒళ్ళంతా చూశాను" అన్న మాట. నేను అబద్ధం చెప్పలేదు. మా లెక్కలో కాళ్ళు ఒంట్లోకి రావు, అంతే.

11వ రోజు

పొద్దున్నే వదిన ఇంటికి పోయాను. మంచం మీద కూర్చుని, చేతులకు తడిగుడ్డ చుట్టుకుని ఉంది.

"వదినా, నీ మేజోళ్ళు తియ్యి" అన్నాను. నాకు నాన్చడం రాదు.

ఆమె నా వంక చూసిన చూపు ఈ జన్మకు మర్చిపోను. "కుండ లాక్కున్నావు, చాల్లేదా? ఇంక నన్ను నేలకి అప్పజెప్పడానికి వచ్చావా?"

యేసోబు తాత సంగతంతా చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది.

"మీ అన్నయ్య కూడా చూడలేదు నా కాళ్ళు. కుండ పోతే పోయింది, నేను తియ్యను."

"కుండ పోతే నువ్వేమయిపోతావు?"

"ఏమీ అవ్వను. పొద్దున లేవడానికి పని ఉండదు. అంతే."

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, ఆమె మంచం మీదే కాళ్ళు పైకి పెట్టుకుని, నా మేజోళ్ళు నేను లాగేశాను. ఒకటి, తర్వాత ఇంకోటి.

వదిన కొంగు మొహం మీదికి లాక్కుంది. "ఓసి పిచ్చిదానా, తొడుక్కో. బతికున్నదానివి, ఏం పని ఇది?"

"చూడు వదినా. నేను చచ్చానా? చూడు."

కొంగు సందులోంచి చూసింది. నేనూ చూసుకున్నాను. నా కాళ్ళను వెలుతురులో నేనెప్పుడూ చూసుకోలేదు. ఎంత తెల్లగా, ఎంత మెత్తగా ఉన్నాయో, ఎవరివో అన్నట్టు. కుడికాలి చివరి రెండు వేళ్ళ మధ్య చర్మం తెల్లగా నాని చిట్లి ఉంది, యేసోబు తాతకున్నట్టే. వెంటనే నా చిటికెన వేలు చూసుకున్నాను. సబ్బు అనుకున్న చోట మూడు సగ్గుబియ్యం గింజలు.

రోజూ నూటనలభై రెండు జతల చేతులు చూసే నా చేతులు చూసేవాళ్ళు ఎవరూ లేరు.

"ఇదేందే, నీకూ ఉన్నయ్యి" అంది వదిన, కొంగు దించేసి. భయం మర్చిపోయి నా కాలి మీదికి వంగింది. ముప్ఫై ఏళ్ళు కుండలో బూజు చూసిన కళ్ళు కదా. "ఇది మన ముద్ద బూజు కాదే. మనది అంచున కొంచెం పసుపు తిరుగుద్ది. ఇది వేరే రకం."

కాసేపటికి ఆమె చేతులు తన మేజోళ్ళ మీదికి వెళ్ళాయి. "అటు తిరుగు" అంది. తిరిగాను. "ఇంక చూడు."

ఆమెకు రెండు కాళ్ళకూ ఉంది.

12వ రోజు

డాక్టరమ్మకు అంతా చెప్పాను. ముందు తిడతారనుకున్నాను. ఆవిడ నవ్వారు.

"తలకాయ దగ్గర్నుంచీ చూశానన్నారు కదమ్మా. ఎక్కడ దాకా చూశారో నేను అడగలేదు, నాది తప్పే."

తర్వాత విడమరిచి చెప్పారు. బూజు ఉన్నది కాళ్ళలోనే. దాంతో ఒళ్ళు పోరాడుతుంది. ఆ పోరాటంలో ఒక్కోసారి ఒళ్ళు ఎంత రేగిపోతుందంటే, బూజు ఛాయలు కూడా లేని చేతుల మీద పొక్కులు లేస్తాయి. ఒక రకం ఎలర్జీ. చేతి పొక్కుల్లో ఏమీ దొరకదు, అవి అంటుకోవు. చేతికి ఎంత మందు రాసినా ఆగదు. కాలిలో దాన్ని చంపితే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది.

"అంటే మంట ఒకచోట, పొగ ఇంకోచోటాండీ?"

"అట్లాంటిదే. మందు మీ దగ్గర ఉందిగా, ముద్దపళ్ళేలకి తెగులొస్తే పూసే తెల్లమందు. ఆ మందు డబ్బా మీదున్న పాళ్ళలో కలిపి వేళ్ళ సందుల్లో రాయండి. ఒక మాట గుర్తుపెట్టుకోండి. మందు మొదలెట్టాక చేతులు ముందు ఇంకా రేగొచ్చు. బూజు చస్తున్నప్పుడు ఒళ్ళు ఇంకా గొడవ చేస్తుంది. భయపడి ఆపొద్దు."

నేను అన్నీ రాసుకుంటున్నాను. ఆవిడ ఆఖరున మామూలుగా అడిగారు. "ఇంతకీ మేజోళ్ళు ఎట్లా ఉతుకుతారమ్మా మీరు?"

నాకు తొట్టి గుర్తొచ్చింది. "ఉన్నారా?" అన్నారు రెండుసార్లు. కుడితి అంటే బూజుకు బలమైన తిండి. నాలుగు వందల మంది మేజోళ్ళు, ఒకే తొట్టి. ఎవరో ఒకరి కాలిది రెండేళ్ళలో అందరి కాళ్ళకూ పంచిపెట్టాను. నలభై బిందెల నీళ్ళు మిగిల్చానని మురిసిపోయాను.

15వ రోజు

డాక్టరమ్మ అన్నట్టే అయింది. వదిన చేతులు అరచేతుల దాకా రేగాయి. గుడ్డ విప్పితే చూడలేకపోతున్నాను. నాకు కూడా పొక్కులు రెండో వేలికి పాకాయి. అయినా కాళ్ళకు మందు ఆపలేదు.

సుబ్బారాయుడు గారు గుమ్మంలోంచే చూసి వెళ్ళారు. "మందేసినాక ఎక్కువైందంటే అది మందుకి లొంగేది కాదమ్మా. నాలుగు వందల మంది కడుపులు నా మీదున్నయ్యి. సున్నం నానబెట్టమని చెప్పాను" అన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

తొట్టి సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. వదినకు కూడా.

18వ రోజు

గేటు ముందు జనం. తల్లికుండను బయటికి తెచ్చి బల్ల మీద పెట్టారు. పక్కన సున్నం బకెట్. వదిన చేతుల గుడ్డలతో వచ్చి నిలబడింది. కుండ మూత పక్కకు జరిగి ఉంటే, మోచేత్తో సరిగ్గా పెట్టింది. అది చూసి నాకు ఆగలేదు.

"చేతులు దురదగా ఉన్నవాళ్ళు ముందుకి రండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. నా చెయ్యి చాపి చూపించాను. "నాకూ ఉన్నయ్యి. పాకలో అడుగు పెట్టనోళ్ళే రండి. కుండ ఎరగనోళ్ళే రండి."

ఒక్కొక్కరుగా ఎనిమిది మంది వచ్చారు. పెట్టె ఎనిమిది మంది చేతులనూ చూసి ఎనిమిదిసార్లు "బూజు లేదు" అంది. సుబ్బారాయుడు గారు విసుక్కున్నారు. "లేదంటందిగా. దానికి కనపడట్లేదు, అందుకేగా సున్నం."

"దానికి మనం చూపించనిది ఒకటుంది" అని బల్ల మీద కూర్చుని మేజోళ్ళు లాగేశాను.

జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ఎవరో అప్పుడే ఏడుపు మొదలుపెట్టారు, నేను పోయినట్టు. నా పొట్టు పెట్టెలో పెట్టాను. "బూజు ఉంది." వెనక్కి తిరిగిన వీపులు కదిలాయి. అప్పుడు వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ చేతులతో మేజోళ్ళు విప్పడం ఆమె వల్ల కాదు కదా, నేనే వంగి తీశాను. "బూజు ఉంది." తర్వాత సువార్త వచ్చింది, చేతికేమీ లేకపోయినా, వాళ్ళ నాన్న కోసం. ఎనిమిది మందీ మెల్లగా బల్ల ఎక్కారు. ఎనిమిదికి ఎనిమిది ఉంది. చివరగా వదిన గరిటెతో కుండలోది చుక్క తీసి ఇచ్చింది. "ముద్ద జాతి. వేరే ఏమీ లేదు" అంది పెట్టె.

"ఇది ఎట్టా పాకింది మరి?" అన్నారు సుబ్బారాయుడు గారు.

ఆ ప్రశ్న రాకూడదని వారం రోజులుగా మొక్కుకుంటున్నాను.

"నా తొట్టి వల్ల. నీళ్ళు మిగుల్చుదామని అందరివీ కలిపి నానబెట్టించింది నేను. పాకించింది కుండ కాదు, వదిన కాదు. నేను. సున్నం పోయాల్సింది ఆ తొట్టిలో."

వదిన నా వైపు తల తిప్పింది. నేను తలెత్తలేకపోయాను.

సుబ్బారాయుడు గారు చాలాసేపు కుండనూ బకెట్‌నూ చూశారు. తర్వాత జనానికి వీపు చేసి బల్ల మీద కూర్చుని, చిన్నగా "ఆ పెట్టె ఇట్టా తే" అన్నారు. "రెండేళ్ళుగా నిద్ర పట్టట్లేదు ఈ వేళ్ళ మజ్జన." ఆయనకూ ఉంది. చేతులు మాత్రం అద్దంలా ఉన్నాయి. కొందరి ఒళ్ళు ఎందుకు రేగుతుందో, కొందరిది ఎందుకు ఊరుకుంటుందో డాక్టరమ్మను అడగాలి.

గడువు ఇంకో పదిహేను రోజులు పెరిగింది. సున్నం బకెట్‌ను తొట్టి దగ్గరికి ఆయనే మోసుకెళ్ళారు.

24వ రోజు

ఏ ఇంటి మేజోళ్ళు ఆ ఇంట్లోనే, కుడితి మరగబెట్టి. నీళ్ళు ఎక్కువే అవుతున్నాయి. నన్ను అనేవాళ్ళు అంటున్నారు, పడుతున్నాను. వదిన మాత్రం ఆరు రోజులుగా నాతో పలకడం లేదు. కాళ్ళకు మందు రాయనిస్తోంది, అటు చూస్తూ కూర్చుంటోంది. పొక్కులు ఎండి, చర్మం పొరలుగా రాలుతోంది. అడుగున గులాబీ రంగు కొత్త చర్మం.

31వ రోజు

తెల్లవారగానే వదిన గేటు దగ్గరికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా వచ్చినట్టే, అందరికన్నా ముందు. నేను పుస్తకం తెరిచి, చేతులు చాపమన్నాను.

చాపలేదు. బల్ల మీద కూర్చుంది.

"ముందు నీవి చూపించు" అంది.

"నావెందుకు? నేను గేటు మనిషిని."

"అందుకే. పదకొండేళ్ళుగా నీ చేతులు ఎవరు చూశారే? నీ కాళ్ళు ఎవరు చూశారు?" కోపంగానే అంది. ఇన్నాళ్ళూ ఈ మాట మనసులో పెట్టుకుని తిరిగిందని అప్పుడర్థమైంది. "నీ వల్ల నా కుండ పోయేది. నీ వల్లే నిలబడింది. ఏది ఎక్కువో తేల్చుకోలేక ఛస్తన్నా. చూపించు."

చేతులు చాపాను. వేలు వేలూ తిప్పి చూసింది. ఆ కొత్త చర్మం నా వేళ్ళకు తగిలితే వెచ్చగా ఉంది. తర్వాత మేజోళ్ళు తీశాను. నా పాదం ఒళ్ళో పెట్టుకుని, సందు సందూ విడదీసి చూసింది. కుండలోకి చూసినంత శ్రద్ధగా చూసింది.

"ఇంకా కొంచెం ఉంది. రాస్తా ఉండు" అంది. పెన్ను నా చేతిలోంచి తీసుకుంది.

తర్వాత ఆమెవి నేను చూశాను. చేతులు శుభ్రం. కాళ్ళు శుభ్రం. ఆమె లేచి పాకలోకి పోయింది. కాసేపటికి లోపలి నుంచి మాటలు వినిపించాయి. కుండతో మాట్లాడుతోంది. అంతసేపూ నన్ను తిట్టిందే. నేను గేటు దగ్గర నిలబడి ఒక్క మాట పోనివ్వకుండా విన్నాను. అన్నాళ్ళ తర్వాత ఆ గొంతు వింటుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు.

పుస్తకంలో ఈ రోజు నుంచి నాలుగు గడులు. మొదటి వరస ఆమె రాతలో ఉంది.

పేరు: నాంచారమ్మ, గేటు. చేతులు: పొక్కులు మూడు, ఎండుతున్నయ్యి. కాళ్ళు: కుడికాలికి ఇంకా ఉంది. చూసిన మనిషి సంతకం: పేరంటాలు.